సంచితో పాటు ఏం పోయింది?

మా పిన్ని బీరువాలో పట్టుచీరల కింద ఒక ప్లాస్టిక్ కవరు ఉంటుంది. రేషన్ కార్డు, పొలం పాసుపుస్తకం, నల్లబడిపోయిన పెళ్లి ఫోటో ఒకటి, వాటి మధ్య నాలుగు మడతలు పడి మడతల దగ్గర చిరుగుతున్న డిశ్చార్జి కాగితం. మొన్న సంక్రాంతికి దివిసీమ వెళ్లినప్పుడు ఆ కవరు దించాల్సి వచ్చింది. పెరట్లో నీళ్లతొట్టి దగ్గర కాలు జారి పిన్ని చెయ్యి కింద ఆనించింది. అంతే, మణికట్టు విరిగింది. కట్టు కట్టిన ఎముకల డాక్టరు ఎక్స్‌రే దీపానికి పెట్టి రెండుసార్లు చూసి, "ఇంత చిన్నదానికే విరిగిందేంటమ్మా? పాత కాగితాలేమన్నా ఉంటే పట్టుకురండి" అన్నాడు. పిన్నికి 49 ఏళ్లు.

కాగితం మీద గొలుసుకట్టు ఇంగ్లీషు. అందులో నాకు అర్థమైనవి పొడి అక్షరాలే: టీఏహెచ్ విత్ బీఎస్ఓ.

"ఇదేంటి పిన్నీ?"

"గర్భసంచి ఆపరేషన్ కాగితమే అమ్మాయ్. అప్పుడు నాకు 34. ముట్టయితే పది రోజులైనా ఆగేది కాదు. నాట్లప్పుడు మడిలో దిగాలంటే ప్రాణం మీదికొచ్చేది. తీసేస్తే పీడా పోతుందన్నారు, తీయించేసుకున్నాం."

"అండాశయాలు కూడా తీస్తున్నామని చెప్పారా?"

"సంచి తీస్తామన్నారు. సంచితో పాటు ఏమేం తీశారో నేనేమన్నా చూశానా?"

టీఏహెచ్ అంటే పొట్ట కోసి గర్భసంచిని పూర్తిగా తీసెయ్యడం. బీఎస్ఓ అంటే రెండు వైపులా ఉన్న అండవాహికల్నీ అండాశయాల్నీ కూడా తీసెయ్యడం. మొదటిది బిడ్డ పెరిగే చోటు. రెండోది ఈస్ట్రోజెన్ అనే హార్మోన్ తయారయ్యే కార్ఖానా. ఆ కార్ఖానా మూతపడ్డ సంగతి దాని యజమానురాలికి 15 ఏళ్ల పాటు తెలియదు.

తెలియకపోయినా ఒళ్లు చెబుతూనే ఉంది. ఆపరేషన్ అయిన నెలకే ఒంట్లో సెగలు మొదలయ్యాయి. మెడ మీంచి ముఖానికి ఆవిరి ఎగదన్నినట్టు ఉండేదట. ధనుర్మాసం రాత్రుల్లో కూడా పిన్ని ఫ్యాను వేస్తే, బాబాయి దుప్పటి ముసుగు తన్ని విసుక్కునేవాడు. నిద్ర పట్టక తెల్లవారుజామున లేచి అరుగు మీద కూర్చునేది. "దీనికి చాదస్తం ముదిరింది" అని ఇంట్లో వాళ్లం తలో మాటా అన్నాం. నేనూ అన్నాను.

పిన్ని ఒక్కతే అయితే ఇది మా ఇంటి గోడు. అవనిగడ్డ, గుడివాడ, కైకలూరు నుంచి వచ్చే బస్సులు విజయవాడ నెహ్రూ బస్టాండులో దించే జనంలో చంకలో స్కానింగ్ కవరు ఇరికించుకున్న ఆడవాళ్లు రోజూ కనిపిస్తారు. ఆటో ఎక్కి సూర్యారావుపేట అంటారు. ఒకే వీధిలో పక్కపక్కనే ఆసుపత్రి, ల్యాబు, స్కానింగ్ సెంటరు, మందుల షాపు, పేషెంటు వెంట వచ్చిన వాళ్లకు మెస్సు. కృష్ణా డెల్టాకు ఆ పేటే ధర్మాసుపత్రి, ఆ పేటే ధర్మసందేహాల పీఠం. "ఏమైందమ్మా?" అని ఎవరినన్నా కదిపి చూడండి. పది మాటల్లో ఒకటి సంచి మీదికి వెళుతుంది.

గర్భసంచి తీయించుకున్నారా అనే ప్రశ్నను జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే తొలిసారి అడిగింది 2015–16లో. 15 నుంచి 49 ఏళ్ల మధ్య ఆడవాళ్లలో దేశం మొత్తమ్మీద 3.2 శాతం మంది అవునన్నారు. ఆంధ్రప్రదేశ్‌లో 8.9 శాతం. దేశంలో మనదే పైమెట్టు. ఆ తర్వాత 2019–21 సర్వేలోనూ ఆ అంకె 9 శాతం దగ్గరే ఆగింది. దేశంలో ఈ ఆపరేషన్ అయిన వాళ్లలో సగం మందికి ఆ నాటికి 35 ఏళ్లైనా నిండలేదు. మూడింట రెండొంతుల ఆపరేషన్లు ప్రైవేటు ఆసుపత్రుల్లోనే జరిగాయి. ఎక్కువ మంది చెప్పిన కారణం అధిక రక్తస్రావం. అంటే ముందు మందులతో ప్రయత్నించాల్సిన జబ్బు.

మన దగ్గరే ఎందుకింత? నా మటుకు నాకు కనిపించే మూలం ఇంకో ఆపరేషన్‌లో ఉంది. పెళ్లయిన ఆడవాళ్లలో ప్రతి పది మందికీ దాదాపు ఏడుగురు ట్యూబులు కట్టించుకున్న రాష్ట్రం మనది. పద్దెనిమిదికి పెళ్లి, ఇరవయ్యికి ఇద్దరు పిల్లలు, పాతికేళ్లు నిండకముందే కుటుంబ నియంత్రణ ఆపరేషన్. ఆ తర్వాత గర్భసంచి ఇంటిల్లిపాది దృష్టిలో పాత సామానే. "ఇంక దాంతో ఏం పని?" అనే మాట అత్తగారు అంటుంది, ఊళ్లో ఆర్ఎంపీ అంటాడు, చివరికి ఆమే అంటుంది. దానికి తోడు "వదిలేస్తే క్యాన్సర్ అవుతుంది" అనే బెదిరింపు. తెల్లబట్ట కనబడ్డా ఇదే మాట, నడుం నొప్పెట్టినా ఇదే మాట. తెల్లబట్ట చాలాసార్లు వారం రోజుల మాత్రలతో పోయే ఇన్ఫెక్షన్. దానికి సంచి తీసెయ్యడం, ఇంట్లో ఎలుక దూరిందని ఇల్లు కూలగొట్టడం లాంటిది.

పదిహేనేళ్ల పైచిలుకు క్రితమే డాక్టర్ కామేశ్వరి, డాక్టర్ వింజమూరి ప్రకాశ్ దంపతులు మెదక్ జిల్లా పల్లెల్లో ఇల్లిల్లూ తిరిగి ఈ సంగతి బయటపెట్టారు. నలభై లోపు వాళ్లే ఎక్కువ, అప్పు చేసి చేయించుకున్న వాళ్లే ఎక్కువ. ఆరోగ్యశ్రీ కింద ఈ ఆపరేషన్లు వెల్లువెత్తడంతో ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం వాటిని సర్కారు ఆసుపత్రులకే పరిమితం చేయాల్సి వచ్చింది. ఆరోగ్యశ్రీ కార్డు చెల్లకపోతే పుస్తెలతాడు చెల్లుతుంది కదా, ఆపరేషన్లు ఆగలేదు.

ఎలుకలు నేర్పిన పాఠం

ఇంతకీ ఆ కార్ఖానా ఏం తయారుచేస్తుంది? దాని కథ చాలా వరకు ఎలుకలతో నడిచిన కథ. 1923లో అమెరికాలోని సెయింట్ లూయిస్‌లో ఎడ్గార్ అలెన్, ఎడ్వర్డ్ డోయిసీ అండాశయాలు తీసేసిన చుంచెలుకలకు అండాశయపు రసం ఎక్కించి, పోయిన లక్షణాలు తిరిగి రావడం చూశారు. 1929లో డోయిసీ అమెరికాలో, బుటెనాంట్ జర్మనీలో ఎవరికి వారు ఈ హార్మోన్ కుటుంబంలో మొదటి పదార్థాన్ని స్ఫటికంగా పట్టుకున్నారు. 1942 నాటికి అమెరికా మందుల షాపుల్లోకి మాత్ర కూడా వచ్చేసింది. దాన్ని చూడి గుర్రాల మూత్రం నుంచి తీసేవారు. పేరులోనే ఆ సంగతి దాచారు: ప్రెగ్నెంట్, మేర్స్, యూరిన్ అనే మూడు మాటల తునకలు కలిపి ప్రెమారిన్. గోపంచకం మనకు కొత్త కాదు గానీ గుర్రాల సంగతి విన్నప్పుడు పిన్ని చాలాసేపు నవ్వింది.

ఈస్ట్రోజెన్ అంటే నెలసరి హార్మోన్, బిడ్డల హార్మోన్ అనే చాలా కాలం అనుకున్నారు. 1950ల చివర్లో షికాగోలో ఎల్వుడ్ జెన్సెన్ రేడియోధార్మిక గుర్తు వేసిన ఈస్ట్రోజెన్‌ను ఎలుకలకు ఎక్కించి ఎటు పోతుందో వెతికాడు. మిగతా అవయవాలు దాన్ని వచ్చినట్టే వదిలేశాయి, గర్భసంచి గట్టిగా పట్టుకుంది. అంటే పట్టుకునే కొక్కెం ఏదో ఉందన్నమాట. దాన్నే రిసెప్టర్ అన్నారు. తర్వాత తర్వాత ఆ కొక్కేలు రొమ్ములో, ఎముకలో, రక్తనాళాల గోడల్లో, మెదడులో కూడా బయటపడ్డాయి.

మన డెల్టా వాళ్లకు దీన్ని చెప్పడం తేలిక. ప్రకాశం బ్యారేజి దగ్గర ఎడమగట్టున వదిలే కృష్ణ నీరు ఒక్కటే. బందరు కాలువ, ఏలూరు కాలువ, రైవస్ కాలువగా చీలి ఒక్కో చోట ఒక్కో పంటకు పారుతుంది. తలుపు ఎక్కడ ఎంత ఎత్తాలో లస్కరు చూసుకుంటాడు. ఈస్ట్రోజెన్ ఆ నీరు, రిసెప్టర్లు ఆ తూములు. అండాశయాలు తీసెయ్యడమంటే ఒక మడిలో నీరెక్కువైందని బ్యారేజినే మూసెయ్యడం. ఆ మడి ఆరుతుంది. దాంతో పాటు బందరు దాకా ఆయకట్టంతా ఎండుతుంది.

ఈ తూముల లెక్క తేల్చడానికే జీవితం ఖర్చుపెట్టిన ఫార్మకాలజీ ప్రొఫెసర్ ఒకాయన ఉండేవాడు. వర్జిల్ క్రెయిగ్ జోర్డాన్. 1947లో టెక్సాస్‌లో పుట్టి ఇంగ్లండులో పెరిగాడు. చిన్నప్పుడు పడగ్గదిలోనే ప్రయోగశాల పెట్టి కిటికీ తెరలు తగలబెట్టుకున్న రకం. లీడ్స్ యూనివర్సిటీలో పీహెచ్‌డీకి ఆయన పట్టుకున్నవి ఈస్ట్రోజెన్‌కు అడ్డుపడే మందులు, అప్పట్లో ఎవరికీ అక్కర్లేని మందులు. వాటిలో ఒకదాని పేరు ఐసీఐ 46,474. డోరా రిచర్డ్‌సన్ అనే రసాయన శాస్త్రవేత్త 1962లో తయారుచేసింది. గర్భం రాకుండా వాడదామనుకున్నారు. ఎలుకల్లో పనిచేసింది. ఆడవాళ్లకిస్తే తిరగబడింది, అండం విడుదల చేయించింది! ఐసీఐ కంపెనీ పక్కన పెట్టబోయింది. దాన్ని రొమ్ము క్యాన్సర్ మీదికి మళ్లించిన వాళ్లలో జోర్డాన్ ముఖ్యుడు. అదే టామాక్సిఫెన్. 1973లో బ్రిటన్‌లో, 1977లో అమెరికాలో అనుమతి వచ్చింది. ఈరోజు సూర్యారావుపేటలో ఏ మందుల షాపు అరలోనైనా దొరుకుతుంది.

ఈ కథలో నాకు అన్నిటికంటే ముఖ్యమైన ప్రయోగం అది కాదు. 1980ల్లో జోర్డాన్ విస్కాన్సిన్‌లో ఉండగా ఒక భయం పట్టుకుంది. ఈస్ట్రోజెన్‌కు అడ్డుపడే మాత్రను ఆడవాళ్లు ఏళ్ల తరబడి మింగితే వాళ్ల ఎముకలేం కావాలి? తేల్చుకోవడానికి ఆడ ఎలుకల అండాశయాలు తీసేశాడు. అలా చేస్తే ఎముకలు గుల్లబారతాయని ప్రయోగశాలల్లో అందరికీ తెలిసిన సంగతే. ఎముకలు గుల్లబారిన ఎలుక కావాలంటే ఇప్పటికీ ముందు చేసే పని అదే. వాటికి టామాక్సిఫెన్ ఇచ్చి చూశాడు, రాలాక్సిఫెన్ అనే ఇంకో మందూ ఇచ్చి చూశాడు. ఎముక నిలబడింది! రొమ్ములో తూము మూసే మందే ఎముకలో తూము ఎత్తుతోంది. 1987లో అచ్చయిన ఆ ఫలితం మీద ఒక మందుల కుటుంబమే పుట్టింది. రొమ్ము క్యాన్సర్ మీద విఫలమై మూలన పడ్డ రాలాక్సిఫెన్ 1997లో ఎముకల మందుగా బతికి బట్టకట్టింది. చిక్కల్లా టామాక్సిఫెన్ గర్భసంచిలో కూడా తూము ఎత్తేస్తుంది. అందుకే అది వాడే వాళ్లకు ముట్లుడిగాక మళ్లీ రక్తం కనబడితే డాక్టర్లు తేలిగ్గా తీసుకోరు. ఈ అపాయం గురించి మొదట హెచ్చరించిన వాళ్లలోనూ జోర్డాన్ ఉన్నాడు. తాను పెంచిన మందు మీద తానే వేలెత్తి చూపడానికి ఒక నిజాయితీ కావాలి. 2024 జూన్‌లో 76వ ఏట పోయాడు.

అండాశయాలు తీసేస్తే ఏమవుతుందో ప్రపంచానికి ఎలుకల్లో అంత వివరంగా తెలుసు. మా పిన్నికి ఆ ఎలుకకు జరిగిందే జరిగింది. తేడా ఒక్కటే: ఎలుకకు తర్వాత ఎముక కొలిచారు. పిన్నికి కొలవలేదు.

"ఆ మాత్రలు క్యాన్సర్ తెస్తాయటగా?"

పోయిన హార్మోన్‌ను మాత్రగానో, ఒంటికి రాసుకునే జెల్‌గానో తిరిగి ఇవ్వొచ్చు. ఈ మాట అనగానే వచ్చే ప్రశ్న పైది. అది గాల్లోంచి పుట్టలేదు. 1975లో ఈస్ట్రోజెన్ ఒక్కటే వాడిన ఆడవాళ్లలో గర్భసంచి లోపొర క్యాన్సర్ పెరుగుతోందని తేలింది. అందుకే సంచి ఉన్న వాళ్లకు ప్రొజెస్టిరాన్ జాతి మందు జత చేస్తారు. 2002 జులైలో అమెరికాలో 16,608 మంది మీద నడుస్తున్న పెద్ద పరిశోధనను మధ్యలో ఆపేశారు. జోడు మందు వాడిన వాళ్లలో రొమ్ము క్యాన్సర్, గుండెపోటు, పక్షవాతం కొంచెం ఎక్కువయ్యాయి. ఆ వార్త దెబ్బకు ప్రపంచమంతా మాత్రలు పారేశారు.

ఆ వార్తలో రెండు సంగతులు మన దాకా రాలేదు. ఆ ఆడవాళ్ల సగటు వయసు 63. ముట్లుడిగి పదేళ్లు దాటాక మందు మొదలుపెట్టిన వాళ్లే ఎక్కువ. రెండోది, అదే పరిశోధనలో గర్భసంచి లేని 10,739 మంది మీద ఈస్ట్రోజెన్ ఒక్కటే ఇచ్చి చూశారు. 2004లో అదీ ఆపారు, పక్షవాతం పెరిగిందని. కానీ రొమ్ము క్యాన్సర్ పెరగలేదు. 63 ఏళ్ల అమెరికా ఆవిడ లెక్కను 34 ఏళ్ల దివిసీమ ఆవిడకు అంటగట్టడం వైద్యం కాదు, సోమరితనం. అండాశయాలు అర్ధాంతరంగా పోయిన మనిషికి అవి మామూలుగా ఉడిగే వయసు దాకా హార్మోన్ ఇవ్వడం గురించి ఆలోచించాలనే వైద్య సంఘాల మార్గదర్శకాలు చెబుతున్నాయి. రొమ్ము క్యాన్సర్ వచ్చిన వాళ్లకు, రక్తం గడ్డకట్టే జబ్బున్న వాళ్లకు మినహాయింపు. ఎవరికివ్వాలో ఎవరికి వద్దో డాక్టరు తేల్చాల్సిన పని, అందులో రెండో మాట లేదు. ఆ మాట ఎత్తాల్సిన పని కూడా డాక్టరుదే.

అండాశయాలు ఉంచి సంచి ఒక్కటే తీసినా పూర్తిగా గండం గడిచినట్టు కాదు. అలాంటి వాళ్లలో ముట్లుడిగే దశ మూడు నాలుగేళ్లు ముందుకు జరుగుతుందని న్యూజిలాండ్ పరిశోధకులు 2005లో చూపారు. మన ఆడవాళ్లకు సహజంగానే పాశ్చాత్య దేశాల వాళ్ల కంటే నాలుగైదేళ్లు ముందే, 46 ప్రాంతంలో ముట్లు ఆగిపోతాయి. ఆ పైన ఇదొకటి.

సర్జన్ల వైపు మాట కూడా చెప్పాలి. క్యాన్సర్ అయితే, పెద్ద గడ్డలు పొట్ట నిండా ఉంటే, సంచి కిందికి జారిపోతే కత్తి తప్పదు. రేపు అండాశయానికి క్యాన్సర్ రాకుండా ఇప్పుడే తీసేద్దామన్నది వాళ్ల వాదన. కుటుంబంలో ఆ జబ్బు ఉన్న వాళ్ల విషయంలో అది సబబే. మిగతా వాళ్లలో అండాశయ క్యాన్సర్ కంటే గుండెజబ్బు ఎన్నో రెట్లు ఎక్కువ మందిని తీసుకుపోతుంది. చిన్న వయసులో అండాశయాలు పోయిన వాళ్లకు ఆ గుండెజబ్బే త్వరపడుతుంది. గోరంత భయానికి కొండంత మూల్యం.

లక్నో మాత్ర

అధిక రక్తస్రావానికి కత్తి కాక ఇంకేం లేదా అంటే, ఉంది, అదీ మన దేశంలో పుట్టింది. లక్నోలోని కేంద్ర ఔషధ పరిశోధన సంస్థలో నిత్యానంద్ బృందం తయారుచేసిన సెంట్‌క్రోమన్. ఇది కూడా టామాక్సిఫెన్ బంధువే, తూముల్లో కొన్నిటిని ఎత్తి కొన్నిటిని దించే జాతి. 1991లో సహేలి పేరుతో గర్భనిరోధక మాత్రగా వచ్చింది. మొదటి మూడు నెలలు వారానికి రెండు, ఆ తర్వాత వారానికి ఒకటి. 2016లో ఛాయ పేరుతో ప్రభుత్వ కార్యక్రమంలో చేరింది. పీహెచ్‌సీ గోడ మీద "అంతర, ఛాయ" అనే పోస్టరు చూసే ఉంటారు. ఇదే మందును అధిక రక్తస్రావానికి కూడా స్త్రీ వైద్య నిపుణులు వేరే మోతాదులో రాస్తారు. ముట్టప్పుడు మాత్రమే మింగే ట్రానెగ్జామిక్ ఆసిడ్ మాత్రలు ఉన్నాయి. గర్భసంచిలో పెట్టే హార్మోన్ లూపు ఉంది, ఒకసారి పెడితే ఏళ్ల తరబడి పనిచేస్తుంది. ముందు స్కానింగ్, నలభై దాటితే లోపొర ముక్క పరీక్ష, తర్వాత ఈ మందులు, అన్నీ అయ్యాక కత్తి. పిన్ని విషయంలో ఈ వరస తలకిందులైంది. అసలు మొదలే లేదు, ఆఖరుదే జరిగింది.

రాజస్థాన్‌కు చెందిన డాక్టర్ నరేంద్ర గుప్తా 2013లో వేసిన పిటిషన్ మీద సుప్రీంకోర్టు 2023 ఏప్రిల్ 5న తీర్పు చెప్పింది. అక్కర్లేని గర్భసంచి ఆపరేషన్లు అరికట్టడానికి కేంద్రం రూపొందించిన మార్గదర్శకాలను మూడు నెలల్లో అమలులోకి తేవాలని రాష్ట్రాలను ఆదేశించింది. జిల్లా స్థాయిలో కమిటీ కూర్చుని ఆపరేషన్ల లెక్క చూడాలి, ముఖ్యంగా నలభై లోపు వాళ్లవి. కాగితం మీద బాగుంది. సూర్యారావుపేటలో స్కానింగ్ రిపోర్టు పట్టుకుని బెంచీ మీద కూర్చున్న మనిషికి ఆ కమిటీ సంగతి చెప్పేదెవరు?

పిన్నికి ఎముకల సాంద్రత పరీక్ష చేయించాం. రిపోర్టు చూసి డాక్టరు "వయసు 49, ఎముక మాత్రం అరవై ఐదు దాటింది" అన్నాడు. ఎముకల మందు, క్యాల్షియం, విటమిన్ డి రాశాడు. హార్మోన్ మొదలుపెట్టే వయసు దాటబోతోందని, అది స్త్రీ వైద్య నిపుణురాలితో మాట్లాడి తేల్చాలన్నాడు. పదిహేనేళ్ల క్రితం రాయాల్సిన చీటీ. బయటికొచ్చాక పిన్ని నన్ను ఒకటే అడిగింది. "అయితే ఆ సెగలు నా చాదస్తం కాదన్నమాట?"

ఈ ఆదివారం మీ అమ్మతోనో అత్తగారితోనో అక్కతోనో బీరువా తెరిపించండి. గర్భసంచి ఆపరేషన్ కాగితం ఉంటే బయటికి తీయండి. అందులో బీఎస్ఓ అనే మూడక్షరాలు ఉన్నాయా, అప్పటికి ఆమెకు 45 నిండాయా చూడండి. ఉండి, నిండకపోతే ఎముకల పరీక్షకు, బీపీ, షుగరు, కొలెస్టరాల్ పరీక్షలకు తీసుకెళ్లండి. ఆపరేషన్ ఇంకా కాలేదంటారా, థియేటర్ గుమ్మం ముందు సంతకం పెట్టే కాగితం చదివించుకోండి. అండాశయాలు ఉంచుతున్నారా, తీస్తున్నారా? తీస్తే ఎందుకు? ఈ రెండు ప్రశ్నలకూ తెలుగులో జవాబు వచ్చాకే సంతకం పెట్టండి.